కొండదారిలో అస్వస్థత – రక్షణ వ్యవస్థ: తెలుగు ప్రాంతాల పరిశీలన

వ్యాససంగ్రహం:

కొండ ఎక్కుతూ నడిచే మనిషి దారి మధ్యలో అస్వస్థతకు లోనైతే అతనికి సహాయం ఎప్పుడు, ఎవరి చేత, ఏ విధంగా అందుతుందనేది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. తెలుగునాట కొండనడక ప్రధానంగా యాత్ర, జీవనోపాధి, నివాసం అనే మూడు కారణాల వల్ల సాగుతుంది. వినోదం కోసం నడిచేవారి సంఖ్య ఇటీవలే పెరుగుతోంది. అత్యవసర వైద్యవ్యవస్థ రహదారిపై ఆధారపడి నిర్మితమైనందున, రహదారి ముగిసిన చోటికీ రోగి పడి ఉన్న చోటికీ నడుమగల దూరం సహచరుల చేతులమీదనే సాగవలసి వస్తున్నది. రుద్రంగి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాన్ని కేంద్రంగా తీసుకొని, తిరుమల, శబరిమల, సలేశ్వరం యాత్రామార్గాలను, ఉత్తరాంధ్ర మన్యంలోని డోలీ మోతను పోల్చి, ఆ మధ్యదూరాన్ని రక్షణవ్యవస్థలో భాగంగా గుర్తించవలసిన అవసరాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కొండనడక, వడదెబ్బ, డోలీ, కొండగట్టు, రుద్రంగి, ప్రథమ చికిత్స, అత్యవసర వైద్యం.

1. ఉపోద్ఘాతం

వేములవాడ నుండి కోరుట్లకు వెళ్లే దారిలో రుద్రంగి ఉంది. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత ఇది రాజన్న సిరిసిల్ల జిల్లాలోని మండలకేంద్రం. ఈ ఊరికి ఒక వైపు మానాల అటవీ గుట్టలు, తండాలు ఉన్నాయి. మరో వైపు వేములవాడ, కొండగట్టు, ధర్మపురి వంటి పుణ్యక్షేత్రాలకు పోయే దారులు ఉన్నాయి. ఇక్కడి గుట్టలు ఎత్తులో చిన్నవి. వాటిపై నడిచేవారు తమను పర్వతారోహకులుగా భావించుకోరు. పశువులను తోలుకొనిపోయేవారు, తునికాకు సేకరించేవారు, తండా నుండి అంగడికి వచ్చేవారు, మొక్కు తీర్చుకోవడానికి కాలినడకన బయలుదేరేవారు ఈ దారుల నిత్యపథికులు.

పర్వతరక్షణ అనగానే మంచుశిఖరం, హెలికాప్టరు, తాళ్లు మనసులో మెదులుతాయి. ఈ చిత్రం మనకు వార్తల ద్వారా, చలనచిత్రాల ద్వారా పరిచయమైనది. అందువల్ల రెండు మూడు వందల మీటర్ల గుట్టమీద మధ్యాహ్నపు ఎండలో సొమ్మసిల్లిన వ్యక్తి విషయంలో రక్షణ అనే మాటే మనకు తోచదు. అయితే రోగి స్వయంగా నడవలేకపోవడం, వాహనం అక్కడికి చేరలేకపోవడం అనే రెండు పరిస్థితులు కలిసిన చోటల్లా పర్వతరక్షణ సమస్య ఉన్నట్లే. కొండ ఎత్తు ఈ నిర్వచనంలో గౌణం. ఈ దృష్టితో చూసినప్పుడు తెలుగు ప్రాంతాలలో ఈ సమస్య ఎంత విస్తృతమైనదో అర్థమవుతుంది.

2. తెలుగునాట కొండనడక – స్వరూపం

తెలుగు ప్రాంతాలలోని కొండనడకను స్థూలంగా నాలుగు విధాలుగా విభజించవచ్చు.

మొదటిది యాత్రానడక. అలిపిరి నుండి తిరుమలకు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు మార్గంలో 2,388 మెట్లు ఉన్నాయి. జగిత్యాల జిల్లాలోని కొండగట్టుకు హనుమద్దీక్షాపరులు పరిసర జిల్లాల నుండి కాలినడకన చేరుకుంటారు. నల్లమలలోని సలేశ్వరానికి చైత్ర పౌర్ణమి సందర్భంగా భక్తులు లోయలోకి దిగి, మళ్లీ ఎక్కుతారు.

రెండవది నివాసనడక. అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాల కొండశిఖర గ్రామాలలో ఊరు చేరడమే కొండ ఎక్కడం.

మూడవది ఉపాధినడక. తేనె, తునికాకు, కట్టెలు, పశువుల మేత దీనికి కారణాలు.

నాలుగవది సాహసనడక. భువనగిరి కోటగుట్టపై శిలారోహణ శిక్షణ ఇందుకు ప్రసిద్ధ నిదర్శనం. 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టును అధిరోహించిన మాలావత్ పూర్ణ శిక్షణ అక్కడే ఆరంభమైంది. ఆమె స్వగ్రామం పాకాల నిజామాబాద్ జిల్లాలోనిది.

ఈ నాలుగింటిలో చివరిదానికి మాత్రమే శిక్షణ, బృందనాయకత్వం, ముందస్తు వైద్యపరీక్ష సహజంగా అమరుతాయి. మిగిలిన మూడింటిలో నడిచేవారి సంఖ్య ఎన్నో రెట్లు ఎక్కువ. వారిలో వృద్ధులు, గర్భిణులు, దీర్ఘరోగులు ఉంటారు. అపాయానికి అధికంగా గురయ్యేవారికే సన్నద్ధత తక్కువగా ఉండటం ఇక్కడి వైరుధ్యం.

3. కొండదారిలో శరీరస్థితి

3.1. ఎత్తు ప్రభావం – ఒక అపోహ

కొండమీద ప్రాణవాయువు తక్కువ కాబట్టి ఆయాసం వస్తుందని సాధారణంగా అంటారు. ఇది హిమాలయాలకు వర్తించినంతగా మన కొండలకు వర్తించదు. ఎత్తు వల్ల కలిగే అస్వస్థత సాధారణంగా 2,500 మీటర్లు దాటిన తరువాత కనిపిస్తుంది. తూర్పు కనుమల అత్యున్నత శిఖరాలు కూడా 1,700 మీటర్లలోపువే. సుమారు 900 మీటర్ల ఎత్తులో గాలిపీడనం సముద్రమట్టంకన్నా పదో వంతు మేరకు తగ్గుతుంది. ఆరోగ్యవంతునికి ఈ తగ్గుదల లెక్కలోనిది కాదు. గుండె, ఊపిరితిత్తుల వ్యాధులున్నవారికి మాత్రం శ్రమతో కలిసి భారమవుతుంది.

3,888 మీటర్ల ఎత్తులోని అమరనాథ గుహకు వెళ్లే తెలుగు యాత్రికుల పరిస్థితి వేరు. అక్కడ ఎత్తే ప్రధాన శత్రువు. యాత్రికుల మరణాలను 2012లో సుప్రీంకోర్టు స్వయంగా విచారణకు స్వీకరించింది. ఆ యాత్రకు ఆరోగ్య ధ్రువీకరణ పత్రం తప్పనిసరి. మన కొండలపై అపాయానికి ఎత్తును కారణంగా చెప్పడం వల్ల ఒక నష్టం ఉంది. తక్కువ ఎత్తు గుట్టపై ప్రమాదమేమీ ఉండదనే భరోసా దానినుండి పుడుతుంది. నిజానికి శ్రమ, ఎండ, అప్పటికే ఉన్న వ్యాధి అనే మూడూ చిన్న గుట్టపైన కూడా ప్రాణాంతకం కాగలవు.

3.2. గుండె

మెట్లు ఎక్కడం శరీరాన్ని తీవ్రమైన శ్రమకు గురిచేస్తుంది. రోజూ చదునునేలపై నడిచే వ్యక్తి కూడా నిట్టనిలువు మెట్లమీద కొద్ది నిమిషాలలోనే తన సామర్థ్యపు అంచుకు చేరవచ్చు. గుండె రక్తనాళాలలో అడ్డంకులున్నా విశ్రాంతిలో ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. ఎక్కేటప్పుడు అది బయటపడుతుంది. గుండె ఆగిపోయిన వ్యక్తికి ఛాతీ ఒత్తిళ్లు గాని విద్యుదాఘాత చికిత్స గాని అందని ప్రతి నిమిషానికీ బ్రతికే అవకాశం సుమారు 7 నుండి 10 శాతం తగ్గుతుందని అత్యవసర వైద్యశాస్త్రం చెబుతోంది. అంటే పది నిమిషాల నడకదూరంలో అంబులెన్సు ఉన్నప్పటికీ, ఆ పది నిమిషాలు పక్కనున్న మనిషివే.

3.3. వడదెబ్బ

కొండగట్టులో హనుమజ్జయంతి చైత్ర పౌర్ణమికి, మళ్లీ వైశాఖ బహుళ దశమికి జరుగుతుంది. రెండూ వేసవిలోనివే. జగిత్యాల జిల్లాలో మే నెల ఉష్ణోగ్రతలు 45 డిగ్రీలకు చేరిన సందర్భాలు అనేకం. దీక్షాపరులు పాదరక్షలు లేకుండా, ఒంటిపూట భోజనంతో, తారు రోడ్డు మీదుగా నడిచి వచ్చి చివరకు కొండ ఎక్కుతారు. శరీరంలోని నీరు, లవణాలు అప్పటికే తగ్గి ఉంటాయి. మధుమేహానికి మందులు వాడేవారు ఉపవాసంలో ఉంటే రక్తంలో చక్కెర పడిపోయే అపాయం దీనికి తోడవుతుంది.

వడదెబ్బ తగిలినవారికి చెమట ఆగిపోతుందనే నమ్మకం బలంగా ఉంది. శ్రమ వల్ల కలిగే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండవచ్చు. నిర్ణాయక లక్షణాలు శరీరాంతర్గత ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం, మాట తడబడటం, ప్రవర్తన మారడం, స్పృహ తప్పడం. ఇటువంటి స్థితిలో పాటించవలసిన సూత్రం ముందు చల్లార్చడం, తరువాత తరలించడం. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒంటినిండా నీళ్లు పోసి విసరాలి. నీటితొట్టి అందుబాటులో ఉంటే మెడవరకు ముంచి, తల పైకి పట్టుకోవడం మరింత ప్రభావవంతం. మొదటి అరగంటలో జరిగిన చల్లదనమే మెదడును, మూత్రపిండాలను కాపాడుతుంది. స్పృహలేని వ్యక్తి నోటిలో నీరు పోయడం మాత్రం ప్రమాదకరం.

3.4. ఇతర అస్వస్థతలు

పాముకాటు, తేనెటీగల దాడి గుట్టదారులలో పరిచితమైనవి. పాము కరిచిన వ్యక్తిని నడిపించకూడదు. కరిచిన అవయవాన్ని కదలకుండా ఉంచి మోసుకొనిపోవాలి. గట్టిగా కట్టు బిగించడం, గాటు పెట్టడం హానికరం. తేనెటీగలు కుట్టినప్పుడు ముఖం వాచి, శ్వాస ఆడక, రక్తపోటు పడిపోతే కండరంలోకి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇవ్వగల చోటికి త్వరగా చేర్చవలసి ఉంటుంది.

4. మాట – లక్షణం

రక్షణలో తొలి దశ లక్షణాన్ని గుర్తించడం. ఆ గుర్తింపు భాష ద్వారా జరుగుతుంది. ఈ ప్రాంతపు వాడుకలో అస్వస్థతను సూచించే మాటలు అనేకం. ‘దమ్మొస్తుంది’, ‘కండ్లు తిరుగుతున్నయి’, ‘ఛాతిల పట్టినట్టుంది’, ‘కాళ్లు గుంజుతున్నయి’ అనే మాటలను నడిచేవారు సాధారణంగా ఉపయోగిస్తారు. వీటిలో ప్రతిదానికీ నిరపాయమైన అర్థం ఒకటి, అపాయకరమైన అర్థం ఒకటి ఉన్నాయి.

‘దమ్ము’ అనే మాట కొండ ఎక్కేవారందరికీ వచ్చే ఆయాసానికీ, గుండె వైఫల్యం వల్ల కలిగే ఊపిరాడనితనానికీ సమానంగా చెల్లుతుంది. తేడా మాటలో లేదు, విశ్రాంతి తరువాతి స్థితిలో ఉంది. కూర్చున్న కొద్ది నిమిషాలకు తగ్గేది శ్రమ. కూర్చున్నా తగ్గకపోతే, పడుకుంటే పెరిగితే అది వ్యాధి. అలాగే ఛాతీలోని బరువును ‘గ్యాస్’ అని పేరు పెట్టి సోడా తాగించడం విస్తృతంగా కనిపించే అలవాటు. ఆ మాట రోగికి ధైర్యమిస్తుంది, సహచరులకు ఊరటనిస్తుంది. అయితే విలువైన సమయాన్ని హరించివేస్తుంది. నొప్పి ఎడమ చేతికి, దవడకు, వీపుకు పాకినా, చల్లని చెమట పట్టినా, దానిని గుండె సమస్యగానే భావించి నడకను ఆపివేయడం క్షేమకరం.

యాత్రానడకలో మరొక అవరోధం ఉంది. మొక్కు మధ్యలో ఆగరాదనే పట్టుదల వల్ల రోగి తన బాధను తక్కువ చేసి చెబుతాడు. ‘ఏం కాదు, కొంచెం దూరమే కదా’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. బృందంలోని గురుస్వామి గాని పెద్దమనిషి గాని ముందుగానే, ‘ఒంట్లో బాగలేనివారు ఆగితే దీక్షకు లోపం లేదు’ అని ప్రకటించడం వైద్యసహాయంతో సమానమైన పని. ఆ మాట చెప్పే అధికారం వైద్యునికన్నా అతనికే ఎక్కువ.

5. మోత – డోలీ నుండి స్ట్రెచరు వరకు

లక్షణాన్ని గుర్తించిన తరువాత ఎదురయ్యే ప్రశ్న మోత. బ్రిటన్‌లో పర్వతరక్షణ ఉద్యమం ఈ ప్రశ్నతోనే మొదలైంది. 1928లో లాడో రాక్స్ అనే చోట పడిపోయిన ఒక ఆరోహకుణ్ణి సహచరులు తాత్కాలికంగా అమర్చిన మంచెపై, నొప్పి తగ్గించే మందు లేకుండా, గంటలకొద్దీ మోసుకొచ్చారు. అతని కాలు తొలగించవలసి వచ్చింది. చికిత్స చేసిన శస్త్రవైద్యుడు విల్సన్ హే ఆ నష్టానికి గాయం ఒక్కటే కారణం కాదని, మోతలోని యాతన కూడా కారణమని భావించాడు. దాని ఫలితంగా 1930ల ఆరంభంలో కొండదారికి తగిన స్ట్రెచరు రూపకల్పన కోసం ఒక సంఘం ఏర్పడింది. యూస్టస్ థామస్ రూపొందించిన స్ట్రెచరు దశాబ్దాలపాటు వాడుకలో నిలిచింది. రక్షణకేంద్రాలకు అనుమతి లేకుండా మార్ఫిన్ సరఫరా చేసినందుకు హే 1949లో న్యాయస్థానంలో జరిమానాకు గురయ్యాడు. ఆ తరువాతనే రక్షణబృందాలకు ఆ మందు ఉంచుకొనే అనుమతి లభించింది. అంటే ప్రభుత్వం సిద్ధపడకముందే సహచరుల అనుభవం వ్యవస్థగా రూపుదిద్దుకొంది.

మన ప్రాంతంలో ఆ సహచరుల అనుభవానికి ప్రతీక డోలీ. మొదటి ఘాట్‌రోడ్డు 1944లో అందుబాటులోకి రాకముందు తిరుమలకు నడవలేని యాత్రికులు డోలీలలో వెళ్లేవారు. శబరిమలలో నేటికీ డోలీసేవ ఉంది. ఒక దుంగకు దుప్పటినో చీరనో ఉయ్యాలగా కట్టి ఇద్దరు భుజాలపై మోయడం మన్యపు డోలీ స్వరూపం. ఇరుకుదారిలో, ఏటవాలులో, రాళ్లమధ్య నడవడానికి ఇంతకన్నా అనువైన సాధనం లేదు. ఇద్దరు మనుషులు, ఒక బట్ట, ఒక కర్ర ఉంటే చాలు. ఈ ఆవిష్కరణ వెనుకనున్న తెలివిని తక్కువగా చూడరాదు.

అయితే డోలీకి వైద్యపరమైన పరిమితులు ఉన్నాయి. ఉయ్యాలలో శరీరం వంగి, గడ్డం ఛాతీకి ఆనుతుంది. స్పృహలేని వ్యక్తికి ఈ భంగిమలో శ్వాసమార్గం మూసుకొనిపోవచ్చు. వాంతి అయితే పక్కకు తిప్పే వీలుండదు. ఛాతీ ఒత్తిళ్లు చేయడం సాధ్యపడదు. వడదెబ్బ తగిలిన వ్యక్తిని బట్ట చుట్టివేయడం వల్ల వేడి బయటికి పోదు. అందువల్ల స్పృహలో ఉండి నడవలేని వ్యక్తికి డోలీ పనికివస్తుంది. స్పృహలేని వ్యక్తికి సమతలంగా ఉండే సాధనం కావాలి. తెలంగాణ పల్లెలలో రోగిని నులకమంచం మీద నలుగురు మోసుకొనిరావడం పాత అలవాటు. మంచం సమతలం, గాలి ఆడుతుంది, అవసరమైతే దింపి చికిత్స చేయవచ్చు. బరువు ఎక్కువ కావడం వల్ల దానికి ఆరు నుండి ఎనిమిదిమంది వంతులవారీగా భుజం మార్చుకోవలసి ఉంటుంది. రోగి స్థితిని బట్టి సాధనాన్ని ఎంచుకోవడమే ఇక్కడ నేర్చుకోవలసిన విషయం.

6. మూడు యాత్రామార్గాలు

తిరుమల మార్గం వ్యవస్థీకృతమైనది. 2024 అక్టోబరులో తిరుమల తిరుపతి దేవస్థానం వృద్ధులకు, గుండెజబ్బు, ఉబ్బసం, అధిక రక్తపోటు, మధుమేహం ఉన్నవారికి కాలినడకను మానుకొమ్మని సూచించింది. అలిపిరి దారిలో 1,500వ మెట్టు, గాలిగోపురం, భాష్యకారుల సన్నిధి వద్ద వైద్యసహాయం, కొండపైన అశ్విని ఆసుపత్రి ఉన్నాయి. దారి పొడవునా మనుషులు ఉండటం, మెట్లకు సంఖ్య ఉండటం వల్ల రోగి ఎక్కడ ఉన్నాడో చెప్పడం సులభం. ఫలానా మెట్టు వద్ద అనే ఒక్కమాట అన్వేషణను తొలగిస్తుంది.

శబరిమల మార్గంలో పంబ నుండి సన్నిధానం వరకు నీలిమల, అప్పాచిమేడు ఎక్కుడులో కేరళ ఆరోగ్యశాఖ గుండె చికిత్సా కేంద్రాలను, ప్రాణవాయు కేంద్రాలను నిర్వహిస్తున్నది. సన్నిధానం వెయ్యి మీటర్లలోపు ఎత్తులోనే ఉంది. అయినా గుండె చికిత్సకు ఇంతటి ఏర్పాటు అవసరం కావడం, అపాయానికి మూలం ఎత్తు కాక శ్రమ అనే పూర్వోక్త విషయానికి బలమిస్తుంది. తెలుగు అయ్యప్ప దీక్షాపరులు ప్రతి ఏటా పెద్దసంఖ్యలో ఈ సేవను వినియోగించుకుంటున్నారు.

సలేశ్వరం వీటికి భిన్నమైనది. నాగర్‌కర్నూల్ జిల్లాలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఏడాదికి కొద్ది రోజులు మాత్రమే భక్తులకు ప్రవేశం. ఇరుకైన లోయదారిలో దిగేవారు, ఎక్కేవారు ఎదురుపడతారు. 2023 ఏప్రిల్ జాతరలో రద్దీ నడుమ అస్వస్థతకు లోనై భక్తులు మరణించారు. ఇటువంటి చోట శాశ్వత వైద్యకేంద్రం నిర్మించడం అరణ్యధర్మానికి విరుద్ధం. దారిని ఏకదిశగా మార్చడం, నిర్ణీత సంఖ్యలో పంపడం, దారి తెలిసిన చెంచు యువకులకు ప్రథమ చికిత్సలో శిక్షణ, తగిన వేతనం ఇవ్వడం ఇక్కడి పరిష్కారాలు కాగలవు.

ఈ మూడింటినీ పోల్చినప్పుడు స్థలసూచన, మధ్యకేంద్రం, శిక్షణ పొందిన మనిషి అనే మూడు అంశాలు రక్షణకు ఆధారమని తేలుతుంది. తిరుమలకు మూడూ ఉన్నాయి. సలేశ్వరానికి మూడవదానిని సమకూర్చుకోవచ్చు.

7. కొండపైన ఊరు – డోలీ మోత

యాత్రికుడు కొండను ఏడాదికొకసారి ఎక్కుతాడు. మన్యంలోని గిరిజనుడు రోజూ ఎక్కుతాడు. అంబులెన్సు సేవ 108 ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న ప్రారంభమైంది. వాహనం రాగల ప్రతి ఊరికీ అది ప్రాణదాయిని అయింది. వాహనం రాలేని ఊరికి మాత్రం ఆ సేవ కొండ కిందనే మొదలవుతుంది. గర్భిణులను, జ్వరపీడితులను డోలీలో మోసుకొస్తున్న వార్తలు అందుకే ఏటేటా పునరావృతమవుతున్నాయి.

దీనికి మూడు రకాల సమాధానాలు ఇప్పటికే ఆచరణలో ఉన్నాయి. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రవేశపెట్టిన ఫీడర్ అంబులెన్సులు ద్విచక్రవాహనానికి పక్కన పడకను అమర్చినవి. ఇవి ఇరుకుదారిలో కొంతదూరం పైకి వెళ్లగలవు. సాలూరులో గిరిజన గర్భిణుల కోసం ఏర్పడిన వసతిగృహం సమస్యను మరోవైపు నుండి పరిష్కరిస్తుంది. ప్రసవతేదీకి ముందే గర్భిణి కొండ దిగి అక్కడ ఉంటుంది కాబట్టి అర్ధరాత్రి మోత తప్పుతుంది. మూడవది రహదారి. 2023 నవంబరులో మొదలైన కేంద్ర పథకం పీఎం జన్‌మన్, 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ‘అడవి తల్లి బాట’ ఈ దిశలోనివి.

రహదారి నిర్మాణం అంతిమ పరిష్కారమే అయినప్పటికీ, అది పూర్తయ్యేవరకు డోలీ మోసేవారిని రక్షణవ్యవస్థ తనవారిగా గుర్తించడం లేదు. పత్రికలలో డోలీ ఎప్పుడూ వెనుకబాటుతనానికి ఛాయాచిత్రం. ఆ ఛాయాచిత్రంలోని ఇద్దరు మోతగాళ్లు నిజానికి ఆ రోజు పనిచేసిన అత్యవసర సేవకులు. వారికి తేలికపాటి మడత స్ట్రెచరు, చేతిదీపం, ప్రాథమిక శిక్షణ అందించడానికి రహదారి పూర్తికావడం కోసం వేచి ఉండనక్కరలేదు.

8. ఒంటరి నడక – అన్వేషణ

రోగి పక్కన ఎవరూ లేనప్పుడు రక్షణకు ముందు అన్వేషణ వచ్చి చేరుతుంది. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం గ్రామానికి చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజులలో అధిరోహించిన అనుభవశాలి. 2015 మార్చి 24 తరువాత అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని ఆండీస్ పర్వతాలలో ఆయనతో సంబంధాలు తెగిపోయాయి. ఆయన ఒంటరిగా ఆరోహణ చేస్తున్నారు. మిత్రులు, భారత విదేశాంగశాఖ, ఆ రెండు దేశాల బృందాలు అన్వేషణకు పూనుకున్నా, ప్రతికూల వాతావరణం అడ్డుపడింది. ఏప్రిల్ మొదటి వారంలో ఆయన భౌతికకాయం మాత్రమే లభించింది.

అంతటి నిపుణునికి జరిగినది సామాన్యునికి ఒక సూత్రాన్ని తెలియజేస్తుంది. నైపుణ్యం అపాయాన్ని తగ్గిస్తుంది గాని, అపాయం కలిగిన తరువాత నైపుణ్యంకన్నా తోడు ముఖ్యం. గుట్టకు వెళ్లేవారు ఏ దారిలో వెళ్తున్నదీ, ఎప్పటికి తిరిగివస్తామన్నదీ ఇంటివద్ద చెప్పడం, ఆ సమయం దాటితే ఎవరు ఎవరికి తెలపాలో నిర్ణయించుకోవడం ఖర్చులేని రక్షణ. లోయలలో ఫోను సంకేతం అందనప్పుడు నిమిషానికి ఆరుసార్లు ఈలగాని దీపంగాని చూపి, ఒక నిమిషం ఆగి మళ్లీ చేయడం అంతర్జాతీయంగా అంగీకృతమైన ఆపత్సంకేతం. సహాయం కోసం మనిషిని పంపేటప్పుడు ఇద్దరిని పంపడం, రోగి ఉన్న చోటును, స్థితిని కాగితంపై రాసి ఇవ్వడం మేలు. పరిగెత్తి వెళ్లినవాడి జ్ఞాపకం కంగారులో తడబడుతుంది.

9. సహాయకునికి చట్టరక్షణ

సహాయం చేస్తే పోలీసు కేసులో చిక్కుకుంటామనే భయం ఇప్పటికీ ఉంది. 2016లో సుప్రీంకోర్టు ఆమోదించిన మార్గదర్శకాలు, 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షన్ సద్భావంతో సహాయపడేవారికి రక్షణ కల్పించాయి. అయితే ఆ సెక్షన్ మోటారు వాహన ప్రమాదాలకు పరిమితం. కొండదారిలో గుండెపోటుకు లోనైన వ్యక్తికి సహాయపడినవారు దాని పరిధిలోకి రారు. 2024 వరకు వారికి ఆధారంగా ఉన్నది భారత శిక్షాస్మృతిలోని 92వ సెక్షన్. ఒక వ్యక్తి మేలు కోసం, అతని సమ్మతి పొందే వీలులేని స్థితిలో, సద్భావంతో చేసిన పని నేరం కాదని అది చెప్పింది. నేటి భారతీయ న్యాయ సంహితలోనూ ఈ సూత్రం కొనసాగుతోంది. రహదారి బాధితుని సహాయకునికి స్పష్టంగా లభించిన హామీ కొండదారి సహాయకునికి కూడా అదే స్పష్టతతో లభించవలసి ఉంది.

10. రుద్రంగి – కొండగట్టు ప్రాంతానికి అన్వయం

2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌దారిలో బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. అది నడకకు సంబంధించినది కాకపోయినా, కొండపై ఆపదలో తొలి రక్షకులు చుట్టుపక్కల గ్రామస్థులేనని ఈ ప్రాంతానికి ప్రత్యక్షంగా తెలియజేసిన సంఘటన. ఆ తరువాత వైద్యవనరులు పెరిగాయి. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలలు ఆరంభమయ్యాయి. 2023 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం హృదయ శ్వాస పునరుజ్జీవన చర్యపై విస్తృత శిక్షణను చేపట్టింది. 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్రస్థాయి విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల పరిహారాన్ని నిర్ణయించింది. మరణానంతరం పరిహారం లభిస్తున్నప్పుడు, మరణానికి ముందరి అరగంటకు నీటితొట్టి కూడా లభించాలనడం అత్యాశ కాదు.

ఈ వనరులను నడకదారితో అనుసంధానించడమే మిగిలిన పని. దీక్షాపరుల దారులలో నిర్ణీత దూరానికొక సంఖ్యాఫలకం నాటితే తిరుమల మెట్లవలె స్థలసూచన సులభమవుతుంది. చలివేంద్రాలు అన్నిచోట్లా ఉన్నాయి. వాటివద్ద తాగునీటితోపాటు ఓఆర్‌ఎస్ పొట్లాలు, శరీరాన్ని చల్లార్చడానికి ఒక పెద్ద తొట్టి, ఒక మడత స్ట్రెచరు ఉంచితే అవే మధ్యకేంద్రాలు అవుతాయి. మానాల గుట్టల తండాలలో ఆశా కార్యకర్తతోపాటు కొందరు యువకులకు ఛాతీ ఒత్తిళ్లలో, మోతలో శిక్షణ ఇవ్వవచ్చు. నిమిషానికి 100 నుండి 120 సార్లు, పెద్దవారికి 5 నుండి 6 సెంటీమీటర్ల లోతున ఛాతీని ఒత్తడం ఒక పూటలో నేర్వగల విద్య.

ఇందులో కళాశాలల పాత్ర విశేషమైనది. కోరుట్ల, జగిత్యాల, వేములవాడ, సిరిసిల్ల కళాశాలల జాతీయ సేవా పథకం విభాగాలు ఏటా శిబిరాలు నిర్వహిస్తున్నాయి. శాసనాల కోసం, శిలాచిత్రాల కోసం, మొక్కల సేకరణ కోసం అధ్యాపకులు విద్యార్థులను గుట్టలకు తీసుకొనిపోతున్నారు. క్షేత్రపర్యటనకు అనుమతిపత్రంతోపాటు విద్యార్థుల ఆరోగ్యవివరాలు, సమీప ఆసుపత్రి, వాహనం రాగల చివరి స్థానం రాసిన ఒక పుట ఉండటం కనీస బాధ్యత.

11. ముగింపు

• తెలుగు ప్రాంతాల కొండలపై ప్రాణాపాయానికి ప్రధాన కారణాలు ఎత్తుకన్నా శ్రమ, ఎండ, ముందే ఉన్న వ్యాధి.

• తొలి రక్షకుడు సహచరుడు. అతడు లక్షణాన్ని గుర్తించడం, నడక ఆపించడం, తోడుగా నిలవడం అంబులెన్సు రాకకన్నా ముందు జరిగే రక్షణ.

• డోలీ నిరుపేదతనపు చిహ్నం మాత్రమే కాదు, పనిచేస్తున్న రక్షణసాధనం. దాని వైద్యపరమైన పరిమితులను తెలుసుకొని, సమతలమైన సాధనాన్ని దానికి తోడు చేయాలి.

• స్థలసూచన, మధ్యకేంద్రం, శిక్షణ పొందిన స్థానికుడు అనే మూడింటిని యాత్రామార్గాలలో సాధించగలిగాము. కొండపైన నివసించేవారికి వాటిని విస్తరించవలసి ఉంది.

• డోలీ మోతగాళ్ల అనుభవాలను, అస్వస్థతను సూచించే మాండలిక పదాలను సేకరించడం తెలుగు పరిశోధకులు చేపట్టదగిన పని. అటువంటి పదకోశం 108కు వచ్చే ఫోనును విని స్పందించేవారికి నేరుగా ఉపకరిస్తుంది.

రుద్రంగి గుట్టమీద సొమ్మసిల్లిన మనిషికి రహదారి ఎంత దూరమో ముందుగానే కొలవవచ్చు. ఆ దూరాన్ని ఎవరు మోస్తారో కూడా ముందుగానే నిర్ణయించుకోవచ్చు. ఆ రెండూ జరిగిన ఊరిలో రక్షణవ్యవస్థ ఆరంభమైనట్లే.